భారత వాయుసేన తొలి సారథి సుబ్రతో ముఖర్జీ

ఫుట్‌బాల్ ఆడే మన పిల్లలకు సుబ్రతో కప్ అనే మాట తెలియకుండా ఉండదు. 1960లో ఢిల్లీలో మొదలైన ఈ పాఠశాలల పోటీ నేటికీ సాగుతూనే ఉంది. కప్పు పేరు తెలిసినంతగా ఆ పేరు గల మనిషిని గురించి మాత్రం మనలో చాలామందికి తెలియదు. స్వతంత్ర భారత వాయుసేనకు అధిపతి అయిన తొలి భారతీయుడు ఆయన. చేతిలో డబ్బు తక్కువ, ఉన్న విమానాలు పాతవి, చెయ్యవలసిన పని కొండంత. అటువంటి రోజులలో ఆ చిన్న వాయుసేనను జెట్ యుగంలోకి నడిపించిన ఎయిర్ మార్షల్ సుబ్రతో ముఖర్జీ జీవితాన్ని మా శక్తి మేరకు ఇక్కడ పాఠకుల ముందు ఉంచుతున్నాం.

బాల్యం, విద్య

సుబ్రతో ముఖర్జీ 1911 మార్చి 5న కలకత్తాలో జన్మించారు. తండ్రి సతీశ్ చంద్ర ముఖర్జీ ఐ.సి.యస్. అధికారి. తల్లి చారులత. నలుగురు సంతానంలో సుబ్రతో చివరివాడు. అక్క రేణుకా రాయ్ స్వాతంత్ర్యోద్యమంలోనూ, ఆ తరువాత పార్లమెంటులోనూ పేరు పొందిన మహిళ. చదువూ, సంఘ సంస్కరణా రెండూ ఉన్న ఇల్లు అది.

ఆ కుటుంబానికి విమానాలు కొత్త కావు. దగ్గరి బంధువు ఇంద్రలాల్ రాయ్ మొదటి ప్రపంచ యుద్ధంలో విమానం నడిపి, పది శత్రు విమానాలను కూల్చి, 1918 జులైలో పందొమ్మిదేళ్ల వయసుకే ప్రాణం విడిచాడు. ఆ కథలు వింటూ పెరిగిన కుర్రవాడి మనసు ఆకాశం మీదికి పోవడంలో వింత ఏముంది?

ఆ కాలంలో భారతీయులు విమానం నడపలేరని, ఒకవేళ నడిపినా దానిని బాగుచేసుకుని నిలబెట్టుకోలేరని పాలకులలో చాలామంది అభిప్రాయం. ఎంతో చర్చ జరిగాక 1930లో కొద్దిమంది భారతీయ యువకులను ఇంగ్లండులోని క్రాన్‌వెల్ కళాశాలకు పంపారు. వారిలో ముఖర్జీ ఒకరు. ఐజాద్ బఖ్ష్ అవాన్ అనే ముస్లిం యువకుడు, హరీశ్ చంద్ర సర్కార్, ఇద్దరు సిక్కు యువకులు కూడా ఆ జట్టులోనివారే. ఒకే బల్ల మీద తిని, ఒకే పాఠం చదువుకున్న జట్టు అది. 1932 అక్టోబరు 8న వారికి కమిషన్ లభించింది. నేటికీ వాయుసేన దినోత్సవం జరిపేది ఆ తేదీనాడే.

నాలుగు విమానాల వాయుసేన

1933 ఏప్రిల్ 1న కరాచీలోని డ్రిగ్ రోడ్డులో నంబర్ 1 స్క్వాడ్రన్ ఏర్పడింది. అంటే మన మొత్తం వాయుసేన అన్నమాట. దాని బలం నాలుగు వాపిటీ విమానాలు, వేళ్ల మీద లెక్కపెట్టదగిన అధికారులు, ఇరవై మందికి అటూ ఇటూగా హవాయి సిపాయిలు. విమానాల మరమ్మతు పని చేసే సాంకేతిక సిబ్బందిని అప్పట్లో హవాయి సిపాయిలని పిలిచేవారు.

ఈ వాపిటీ విమానాన్ని గురించి హైదరాబాదు వారు తప్పక తెలుసుకోవలసిన సంగతి ఒకటి ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం చివరి రోజులలో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ గారి విరాళంతో బ్రిటిషు వారి నంబర్ 110 స్క్వాడ్రన్‌కు విమానాలు సమకూరాయి. ఒక్కొక్క విమానం మీద దాత పేరు రాయించారు. ఆ స్క్వాడ్రన్‌కు హైదరాబాదు పేరు స్థిరపడింది. ఆ విమానాల రకం డి.హెచ్.9ఏ. యుద్ధం ముగిశాక ఆ రకం విడి భాగాలు గోడౌన్ల నిండా మిగిలిపోయాయి. 1920ల చివర కొత్త విమానం కావలసి వచ్చినప్పుడు, ఆ మిగిలిన సామానును వీలైనంత వాడుకోవాలని బ్రిటిషు ప్రభుత్వం షరతు పెట్టింది. అలా పుట్టినదే వాపిటీ. పాత బండి సామానుతో కొత్త బండి కట్టడమన్న మాట. మన వాయుసేన మొదటి పాఠమే పొదుపు పాఠం!

1933లోనే ఆ తొలి జట్టులోని ఇద్దరు సిక్కు యువకులు ప్రమాదంలో మరణించారు. తక్కినవారు వెనుకంజ వేయలేదు. వాయవ్య సరిహద్దులోని మీరాన్‌షా, కోహట్ ప్రాంతాలలో కొండల మధ్య ఎగురుతూ పని నేర్చుకున్నారు. కొత్త సామాను అడిగినంత రాదు. బ్రిటిషు స్క్వాడ్రన్లు వాడి పక్కన పెట్టినదే వీరికి దక్కేది. అటువంటప్పుడు హవాయి సిపాయిల చేతులే దిక్కు. లాహోరులో ఇంజనీరింగ్ చదివి, అధికారి హోదా కోసం ఎదురు చూడకుండా మామూలు సిపాయిగా చేరిన హర్జీందర్ సింగ్ ఆ చేతులలో ముఖ్యమైనవి. అధికారి అయిన ముఖర్జీకీ, సిపాయి అయిన హర్జీందర్‌కూ మధ్య ఏర్పడిన స్నేహం జీవితాంతం నిలిచింది. విమానం నడిపేవాడు ఎంత ముఖ్యమో, దానిని నడిచేలా చేసేవాడూ అంతే ముఖ్యమన్న పాఠం ముఖర్జీకి ఇక్కడే ఒంటబట్టిందని మా అభిప్రాయం.

1939 మార్చిలో ముఖర్జీ నంబర్ 1 స్క్వాడ్రన్ అధిపతి అయ్యారు. ఒక భారతీయుడు స్క్వాడ్రన్‌కు నాయకత్వం వహించడం అదే మొదలు. 1940లో సరిహద్దులో జరిగిన ఒక సంఘటన ఆయన స్వభావాన్ని చక్కగా తెలుపుతుంది. కొండ మీద ఒక సైనిక కాపలా దళం శత్రువుల మధ్య చిక్కుకుపోయింది. తూటాలు అయిపోయాయని కింది నుంచి సంజ్ఞలు చేశారు. డిపోకు పోయి తూటాలు తెచ్చేంత వ్యవధి లేదు. ముఖర్జీ తన విమానంలోని తుపాకీ తూటాలనే ఊడదీయించి, తన గన్నరు మేజోళ్లలో నింపించి, కొండల నడుమ కిందికి దిగి వారికి జారవిడిచారు. ఆ దళం నిలదొక్కుకుంది. లేనిదాని కోసం ఏడవకుండా ఉన్నదానితో పని జరిపించే గుణం అది.

1943లో ఆయన కోహట్ వైమానిక స్థావరానికి అధిపతి అయ్యారు. అదీ భారతీయులకు మొదటిదే. 1945లో ఓ.బి.ఈ. బిరుదు లభించింది.

పంపకం, ఆ తరువాత

1947లో దేశంతో పాటు వాయుసేన కూడా రెండు ముక్కలయింది. పంపకం కోసం ఏర్పడిన సంఘంలో ముఖర్జీ సభ్యులు. విమానాలు, పనిముట్లు, మనుషులు అన్నీ లెక్క కట్టి పంచుకోవలసి వచ్చింది. తనతో పాటు క్రాన్‌వెల్‌లో చదివిన అవాన్ పాకిస్తాను వైపు వెళ్లారు. మన హైదరాబాదు వాసి ఇద్రీస్ హసన్ లతీఫ్ గారిని కూడా మిత్రులు అటు రమ్మన్నారు. ఆయన మాత్రం తడుముకోకుండా ఇక్కడే ఉండిపోయారు. ఆ రోజులలో ఎన్ని ఇళ్లలో ఇటువంటి నిర్ణయాలు జరిగాయో మన పెద్దలకు చెప్పనక్కరలేదు.

భారతదేశం వాటాకు వచ్చినవి ఏడు స్క్వాడ్రన్లు. వాటిలో ఆరు ఫైటర్లు, ఒకటి రవాణా. శాశ్వత స్థావరాలలో చాలా భాగం వాయవ్య ప్రాంతంలో ఉండడం వల్ల అవి సరిహద్దుకు అవతల పోయాయి. మిగిలిన ఫైటర్లు పంఖా ఇంజన్ల టెంపెస్టులు, స్పిట్‌ఫైర్లు. అప్పటికే లోకం జెట్ విమానాల వైపు పోతున్నది. రెండు నెలలు గడవక ముందే కాశ్మీరు పోరాటం వచ్చిపడింది. పాత డకోటాలు, టెంపెస్టులే ఆ భారమంతా మోశాయి.

ఖజానా పరిస్థితి చూస్తే శరణార్థులకు నీడ చూపాలి, కరువుకు తిండి గింజలు తేవాలి. ఇటువంటప్పుడు విమానాలకు డబ్బు ఎక్కడ నుంచి వస్తుంది? ఇక్కడే ఒక అద్భుతం జరిగింది. యుద్ధం ముగిశాక కాన్పూరులో సుమారు వంద లిబరేటర్ బాంబర్లను వదిలేసి వెళ్లారు. ఎవరికీ పనికిరాకూడదని వాటి పరికరాలు పగలగొట్టి, రేకులు చితగ్గొట్టి మరీ వెళ్లారు. బయటి నిపుణులు ఇవి ఇక లేవవని తేల్చేశారు. బెంగుళూరులోని హిందుస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్ పనివారు మాత్రం ఒక దాని రెక్క, ఇంకొక దాని చక్రం, మరొక దాని ఇంజను ఏరి, నలభైకి పైగా విమానాలను ఎగిరే స్థితికి తెచ్చారు. ఆ సంస్థ టెస్ట్ పైలట్ మున్షీ వాటిని కాన్పూరు నుంచి బెంగుళూరుకు ఎగురవేసి తీసుకుపోయారు. అక్కడ పూర్తి మరమ్మతు జరిగింది. 1948 నవంబరులో మొదటి బాంబర్ స్క్వాడ్రన్ తయారయింది. ఆ చెత్త కుప్పలో నుంచి లేచిన విమానాలు 1968 దాకా పనిచేశాయి!

ఇదంతా ముఖర్జీ ఒక్కరే చేశారని మేము అనడం లేదు. అప్పుడు ఆయన వాయుసేన ఉపాధిపతి. ముగ్గురు బ్రిటిషు అధిపతుల కింద, దాదాపు ఏడేళ్లు, ఆ కుర్చీ పక్కనే కూర్చుని పని నేర్చారు. తొందరపడలేదు. పని పూర్తిగా చేతికి వచ్చాక, ఇంగ్లండులో ఉన్నత రక్షణ విద్య కూడా ముగించుకుని, 1954 ఏప్రిల్ 1న నలభై మూడేళ్ల వయసులో వాయుసేన అధిపతి పదవిని స్వీకరించారు.

తక్కువ డబ్బు, పెద్ద పని

ఆయన కుర్చీ ఎక్కేనాటికి పరిస్థితి ఇది. 1948 చివరలో తెచ్చిన వాంపైర్ జెట్లు, బెంగుళూరులో లైసెన్సు మీద తయారయిన వాంపైర్లు ఉన్నాయి. 1953లో ఫ్రాన్సు నుంచి వచ్చిన తూఫానీలు చేరుతున్నాయి. పంఖా విమానాలు ముసలివై విశ్రాంతి కోరుతున్నాయి. వాంపైర్ కూడా అప్పటికే వెనుకబడిన జెట్టు. ఆ తరువాత రెండు మూడేళ్లలో పొరుగుదేశానికి అమెరికా సహాయంగా వందకు పైగా సేబర్ జెట్లు ఉచితంగా వచ్చాయి. మనకు ఉచితంగా ఇచ్చేవారు లేరు. ప్రతి విమానాన్నీ విదేశీ మారకం పెట్టి కొనవలసిందే. రెండవ పంచవర్ష ప్రణాళిక ఉక్కు కర్మాగారాలకే ఆ మారకం చాలక, 1957లో పెద్ద కటకట ఏర్పడింది.

మన ఇళ్లలోనూ ఇటువంటి సమస్య వస్తుంటుంది. పాత బండి రోజూ మరమ్మతుకు వస్తుంది. కొత్తది కొనాలంటే పిల్లల ఫీజు ఆగుతుంది. కొందరు చౌకగా వచ్చిందని ఏదో ఒకటి కొని, తరువాత స్పేర్ పార్టు దొరక్క తల పట్టుకుంటారు. కొందరు గొప్ప కోసం అప్పు చేసి ఖరీదైనది కొని, పెట్రోలుకు డబ్బు లేక గుమ్మం ముందు నిలబెడతారు. ముఖర్జీ కాలంలో వాయుసేన ఈ రెండు పొరపాట్లూ చేయకుండా నాలుగు దారులు కలిపి నడిచింది.

మొదటి దారి, మంచిదైతే వాడిన వస్తువు కొనడానికి నామోషీ పడకపోవడం. తూఫానీలు మొదట 71 కొన్నారు. 1957లో ఫ్రాన్సు వారు వాడినవి మరి 33 తీసుకున్నారు. ఆ విమానాన్ని నడపడం, విప్పడం, బిగించడం అప్పటికే మనవారికి తెలుసు. కనుక వాటి కోసం కొత్తగా శిక్షణ, కొత్త పనిముట్లు అవసరం లేకపోయింది.

రెండవది, అసలైన చోట ఖర్చుకు వెనకాడకపోవడం. 1957 నుంచి ఫ్రాన్సు నుంచి 110 మిస్టేర్లు, ఇంగ్లండు నుంచి 160 హంటర్లు, కాన్‌బెర్రా బాంబర్లు వచ్చాయి. అంతకు ముందు సోవియట్ బాంబర్లు చౌకగా వస్తాయనే చర్చ కూడా గట్టిగా నడిచింది. చివరకు ప్రభుత్వం కాన్‌బెర్రా వైపు మొగ్గింది. ధర చూసిన రోజున ఇవి భారమే. కాని కాన్‌బెర్రా మన దేశంలో 2007 వరకు, అంటే యాభై ఏళ్లు ఎగిరింది. 1971 డిసెంబరులో రాజస్థాన్ ఎడారిలోని లోంగేవాలా వద్ద టాంకుల దండును నిలవరించినవి ఆనాడు కొన్న హంటర్లే. యాభై ఏళ్లు పనిచేసిన వస్తువు ఖరీదైనదా, చౌకదా అనేది పాఠకులే తేల్చుకోవచ్చు.

మూడవది, చిన్న విమానం, మన ఇంటి తయారీ. ఇంగ్లండులో ఫాలండ్ కంపెనీవారు నాట్ అనే చిట్టి ఫైటరును తయారు చేశారు. నాట్ అంటే దోమ వంటి చిన్న పురుగు. పెద్ద ఫైటర్ల బరువూ, ధరా, కట్టడానికి పట్టే పనిగంటలూ రోజురోజుకూ పెరిగిపోతుంటే, తేలికగా, తక్కువ ఖర్చుతో ఎక్కువ సంఖ్యలో కట్టగల విమానం కావాలన్నది దాని వెనుక ఉన్న ఆలోచన. బ్రిటిషు వాయుసేన దానిని ఫైటరుగా తీసుకోలేదు. భారతదేశం 1956లో లైసెన్సు ఒప్పందం చేసుకుంది. మొదట పూర్తి విమానాలు, తరువాత విడి భాగాల పెట్టెలు, ఆ తరువాత మొత్తం తయారీ. ఇలా మెట్టు మెట్టుగా పని బెంగుళూరుకు వచ్చింది. దాని ఇంజను కూడా బెంగుళూరులోనే తయారయింది. డబ్బు ఇంట్లోనే తిరిగింది, పని మనవారి చేతికి వచ్చింది. నాట్‌లో లోపాలూ ఉండేవి. తోక అదుపు యంత్రం మొండికేసేది, తుపాకులు ఇరుక్కునేవి. ప్రమాదాలు జరిగాయి. అయినా 1965లో తనకంటే పేరున్న సేబర్లతో పోరాడి నిలిచింది. 1971లో శ్రీనగర్ మీద నిర్మల్ జిత్ సింగ్ సెఖోన్ ప్రాణాలర్పించి పరమవీర చక్ర పొందినది ఆ నాట్‌లోనే. అదంతా చూడడానికి ముఖర్జీ లేరు.

నాలుగవది మా దృష్టిలో అన్నిటికన్నా గొప్పది. విమానానికి పెట్టే ధ్యాస మరమ్మతుకూ, మనిషికీ పెట్టడం. విమానాన్ని కొన్ని గంటలు ఎగిరిన తరువాత విప్పి పరీక్షించాలి. ఇంజను గంటలు నిండితే మార్చాలి. చిన్న రబ్బరు వాషరు లేకపోతే లక్షల రూపాయల విమానం షెడ్డులో పడి ఉంటుంది. వంద విమానాలలో నలభై షెడ్డులో ఉంటే ఉన్నవి అరవయ్యే కదా! 1955లో కాన్పూరు కేంద్రంగా మెయింటెనెన్స్ కమాండ్ అనే ప్రత్యేక విభాగం ఏర్పడింది. తరువాతి కాలంలో దానికి అధిపతిగా కూర్చున్నది ఎవరనుకున్నారు? సిపాయిగా చేరి ఎయిర్ వైస్ మార్షల్ స్థాయికి ఎదిగిన హర్జీందర్ సింగే. పానా పట్టుకున్న చెయ్యికి అంతటి గౌరవం దక్కిన సందర్భాలు ఎన్ని ఉన్నాయి?

ఈ కథలో అన్నీ లాభాలే అని చెప్పడం న్యాయం కాదు. ఫ్రాన్సు విమానం ఒకటి, ఇంగ్లండుది ఒకటి, రవాణాకు అమెరికా పాకెట్లు, సోవియట్ ఇల్యూషిన్లు. ఇన్ని దేశాల సామాను ఒకచోట చేరితే కొలతలు వేరు, పుస్తకాల భాష వేరు, స్పేర్ల పట్టీ వేరు. గోడౌను పని పదింతలయింది. ఎవరో ఒకరి మీదే ఆధారపడకూడదన్న దేశ విధానానికి వాయుసేన చెల్లించిన మూల్యం అది. ఈ తలనొప్పి ముఖర్జీతో పోలేదు, తరువాత వచ్చిన వారందరికీ సంక్రమించింది.

అకాల మరణం

1960 నవంబరులో ఎయిర్ ఇండియా టోక్యోకు కొత్తగా విమానం నడిపినప్పుడు ముఖర్జీ ఆ ప్రయాణంలో జపాను వెళ్లారు. నవంబరు 8న ఒక హోటలులో భోజనం చేస్తుండగా ఆహారపు ముక్క గొంతుకు అడ్డం పడి, వైద్యం అందేలోపే కన్నుమూశారు. నలభై తొమ్మిదేళ్ల వయసు. కొండల నడుమ తుపాకీ గుండ్ల కింద ఎగిరి బతికిన మనిషి భోజనం బల్ల దగ్గర పోవడం విధి లిఖితం కాక మరేమిటి? కరాచీలో నాలుగు వాపిటీలతో మొదలైన వాయుసేన ఆయన పోయేనాటికి ధ్వని వేగానికి దగ్గరగా పోగల ఫైటర్లతో నిలబడి ఉంది. పాఠశాల పిల్లల కోసం ఆయన తలపెట్టిన ఫుట్‌బాల్ పోటీ ఆ సంవత్సరమే మొదలై ఆయన పేరు మోస్తున్నది.

ఆ దారిలో మన హైదరాబాదీ

ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాం. ముఖర్జీ కాలంలో వచ్చిన కాన్‌బెర్రాలు, హంటర్లు ముసలివయ్యాక, వాటి స్థానంలో కొత్తవి తెచ్చే బాధ్యత మళ్లీ ఒక అధిపతి మీద పడింది. 1979లో జాగ్వార్ విమానాలు దేశానికి వచ్చినప్పుడు ఆ కుర్చీలో ఉన్నది ఎయిర్ చీఫ్ మార్షల్ ఇద్రీస్ హసన్ లతీఫ్. 1947లో ఇక్కడే ఉంటానన్న అదే లతీఫ్. వాపిటీకి సామాను అందించిన డి.హెచ్.9ఏలను ఒకనాడు నిజాం గారు దానం చేశారు. ముఖర్జీ తెచ్చిన విమానాలకు వారసులను హైదరాబాదు బిడ్డ తెచ్చాడు. 2018లో లతీఫ్ గారు తన సొంత ఊరైన హైదరాబాదులోనే కన్నుమూశారు.

సొసైటీ సభ్యులైన మన కుటుంబాలకు ఈ జీవితంలో నేర్చుకోవలసినది ఉంది. డబ్బు తక్కువని పని మానుకోనక్కరలేదు. చౌకగా వచ్చిందని చెడ్డది కొననక్కరలేదు. ఉన్న వస్తువును జాగ్రత్తగా చూసుకోవడం, పని తెలిసిన చేతిని గౌరవించడం, నేర్చుకున్న పనిని ఇంట్లోనే నిలుపుకోవడం చాలు. మన యువకులలో పానా, స్క్రూడ్రైవరు పట్టినవారు ఎందరో ఉన్నారు. వారిని చిన్నచూపు చూడవద్దని, వారి చదువుకూ శిక్షణకూ ముందు చెయ్యి అందించమని పెద్దలకు మనవి చేస్తున్నాం. హవాయి సిపాయిగా చేరిన ఒక కుర్రవాడు ఏ స్థాయికి ఎదిగాడో పైన చూశాం. అతనిని తొలి రోజులలోనే గుర్తించి గౌరవించిన అధికారి సుబ్రతో ముఖర్జీ.